ఏలినవారి ఇష్టం ఉన్నంతకాలం

మీలో కొలువు చేసేవాళ్ళు ఇవాళ ఇంటికెళ్ళాక అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఒకసారి బయటికి తీయండి. అది సర్కారు పేరుతో ఉందా, ఏదో ఏజెన్సీ పేరుతో ఉందా? కింద సంతకం ఎవరిది? ఆశ్రమ పాఠశాలలో సీఆర్‌టీ కావచ్చు, ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ కావచ్చు, స్టేషన్లో కానిస్టేబుల్ కావచ్చు. తీసేసిన రోజున కోర్టు మీ కన్నీళ్ళకన్నా ముందు చూసేది ఆ కాగితాన్నే.

ఇది పాత సంగతే. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె గుంటూరు జిల్లా తాలూకాలు. అక్కడి పోలీసుకైనా, గుమాస్తాకైనా షరతు ఒకటే: చక్రవర్తి ఇష్టం ఉన్నంతకాలమే ఉద్యోగం. 1919లో చట్టానికి 96-బి సెక్షన్ చేర్చి ఆ మాటే రాశారు. పక్కన ‘రూల్సుకు లోబడి’ అని ఓ ముక్క అతికించారు.

ఆ ముక్కను నమ్ముకుని కోర్టుకెక్కినవాడు ఆర్. వెంకటరావు. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో రీడర్, అంటే ప్రూఫులు దిద్దే పని. పరీక్ష ప్రశ్నపత్రం లీకైందన్న అనుమానంతో తీసేశారు. రూల్సు చెప్పిన విచారణ సరిగా జరగలేదు. నష్టపరిహారం ఇప్పించమని ఇండియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ మీద దావా వేశాడు. ఇక్కడి కోర్టుల్లో ఓడి, లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళాడు. 1936లో అక్కడా ఓడిపోయాడు.

ఎలా ఓడాడో చూడండి. అన్యాయం జరగలేదని జడ్జీలు అనలేదు. రూల్సు గాలికొదిలేశారని ఒప్పుకున్నారు. కానీ ఆ రూల్సు సర్కారు తనకోసం రాసుకున్నవి, కావాలన్నప్పుడు మార్చుకునేవి. వాటిని తప్పితే పైఅధికారికి మొరపెట్టుకోవాలి గానీ కోర్టుకొచ్చి డబ్బు అడిగే హక్కు లేదన్నారు. కొట్టినవాడి దగ్గరికే పోయి చెప్పుకోమన్నట్టు!

ఆ రోజుల్లోనే ఇంకో కేసు, రంగాచారి అనే సబ్ ఇన్‌స్పెక్టర్‌ది. ఆయన్ని నియమించింది ఒక అధికారి, డిస్మిస్ చేసింది అంతకన్నా చిన్న అధికారి. ఈ డిస్మిసల్ చెల్లదంది అదే ప్రివీ కౌన్సిల్. ఎందుకంటే నియమించినవాడికన్నా కిందివాడు తీసేయకూడదన్న మాట రూల్సులో కాదు, చట్టంలోనే ఉంది. తేడా అంతా అక్కడే ఉంది తమ్ముడూ.

సబ్ ఇన్‌స్పెక్టర్లంటే మనవాళ్ళకు వేరే జ్ఞాపకాలున్నాయిలే. బాపట్ల పక్కన స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను నేరస్థ జాతుల చట్టం కింద సెటిల్‌మెంట్లో పెట్టి హాజరు వేయించుకున్న కాలం అది. మన మీద లాఠీ ఎత్తిన చేతికి కూడా తన దొర ముందు దక్కింది చట్టంలోని ఒక్క వాక్యం. జాలిపడమని చెప్పడం లేదు. ఆ దొరతనం లోపల ఎలా ఉండేదో చూడమంటున్నా.

1948లో ఐసీఎస్ అధికారి ఐ.ఎం. లాల్ కేసు ఇంకా విడ్డూరం. 1940లో ఆయన్ని తీసేసిన ఆర్డర్ చెల్లదని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. జీతం బకాయి మాత్రం కోర్టు ద్వారా రాబట్టుకోలేవంది. ఉద్యోగం నీదే, జీతం అడక్కు! 1954లో బిహార్ సబ్ ఇన్‌స్పెక్టర్ అబ్దుల్ మజీద్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ దారి వదిలేసి, బకాయి జీతం కోసం ప్రభుత్వోద్యోగి దావా వేయవచ్చంది.

మధ్యలో వచ్చింది రాజ్యాంగం. 310లో ‘ఇష్టం ఉన్నంతకాలం’ అన్న పాత మాట అలాగే ఉంది. 311 దానికి కళ్ళెం వేసింది: నియమించిన అధికారికన్నా కిందివాడు తీసేయకూడదు, అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, నీ మాట వినకుండా తీసేయకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. టెంపరరీ ఉద్యోగినైనా శిక్షగా తీసేస్తే ఈ రక్షణ ఉంటుందని 1957లోనే ధింగ్రా కేసులో తేలింది. కానీ ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళ సంగతి? సర్కారు పనే చేస్తారు, కాగితం మీద సర్కారు ఉద్యోగులు కారు. 311 గడప దగ్గరే ఆగిపోతారు. మన పిల్లల్లో ఎంతమంది ఆ గడప బయట ఉన్నారో మీ ఊళ్ళోనే లెక్కేసుకోండి.

ఇప్పుడు 3వ నంబర్ జీవో గుర్తు చేసుకోండి. 2000 జనవరిలో వచ్చింది, షెడ్యూల్డ్ ఏరియా బళ్ళలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. అంతకుముందు 1986 నాటి 275 జీవో ట్రిబ్యునల్లో నిలవలేదు. దీన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కారణాలు వేరు, నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమంది. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కున్న అధికారం అంతదూరం పోదంది. అయినా వెంకటరావు కేసు చదివాక నాకు తోచేది ఒకటే: జీవో చేతిలో ఉందని ఇరవై ఏళ్ళు నిశ్చింతగా ఉన్నాం. రాజ్యాంగం ముందు నిలబడేలా, లెక్కలూ కారణాలూ చూపించి రాసిన చట్టం కావాలని అడగడంలో ఆలస్యం చేశాం. ఇప్పుడు ప్రభుత్వాలు ఇంకో జీవో ఇస్తామంటే చప్పట్లు కొట్టకముందు అడగండి, అసెంబ్లీలో బిల్లు ఎప్పుడు పెడతారని.

కాంట్రాక్టులో ఉన్న చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, రెన్యువల్ ఆర్డర్లు, హాజరు పట్టీలు, జీతం పడ్డ బ్యాంకు పాస్‌బుక్కు, మెమోలు అన్నీ జిరాక్స్ తీయించి ఇంట్లో ఒక సెట్టు పెట్టుకోండి. నోటిమాటతో ‘రేపట్నుంచి రావద్దు’ అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇవ్వనంటే మీరే దరఖాస్తు రాసి, తేదీ వేసి, ఆఫీసు సీలు వేయించుకుని రండి.