ఆసుపత్రి రికార్డుల విద్య

వైద్యవిద్య యనగా డాక్టరు చదువొక్కటియే యని మనవారి తలంపు. రోగి వృత్తాంతమును సరిగా వ్రాయించి, భద్రపఱచి, అవసరమైన క్షణమున వైద్యుని చేతి కందించుటయు నొక శాస్త్రమే. ఏ మందు రోగికి సరిపడదో తెలిపెడి కాగితము కానరాకున్న నెంతటి ప్రవీణుడైనను ప్రాణాపాయము తెచ్చిపెట్టవచ్చును.

అమెరికాలో ఈ పనివారు 1928లోనే సంఘముగా నేర్పడిరి. మన పార్లమెంటు 2021 నాటి శాసనమున దీనిని ఆరోగ్యవృత్తులలో చేర్చినది. ఆరోగ్యవృత్తి నిపుణు లనిపించుకొనుటకు 3,600 గంటలకు తక్కువగాని శిక్షణము విధించినది. ఆ యేటనే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరంభమై, రికార్డులు కాగితమునుండి కంప్యూటరునకు మరలుచున్నవి. వ్యాధులకు అంతర్జాతీయ సంకేతముల నిచ్చుట, రోగుల రహస్యమును కాపాడుట శిక్షణము లేనివారికి సాధ్యము గాదు.

అయినను శాసనముతోనే పని తీరదు. ప్రభుత్వములు జిల్లా ఆసుపత్రులలో ఈ విద్యకు తావు కల్పించి, ఉత్తీర్ణులకు గుమాస్తా జీతము గాక వృత్తికి దగిన జీతము నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము. డాక్టరు సీటు దొరకని బిడ్డకు వైద్యరంగమున తావులేదను దిగులును తలిదండ్రులు మానవలెను. రోగికి సేవచేయు మార్గ మిదియు నొకటి. గౌరవమున దేనికిని తీసిపోదు.