కొండమీది తల్లి, కట్టమీది కోడలు

ఆషాఢమాసమున బెజవాడ ఇంద్రకీలాద్రిమీద కనకదుర్గమ్మను శాకంభరిగా అలంకరించునపుడు, వంకాయలును బెండకాయలును సొరకాయలును ఆకుకూరలును దండలుగా గ్రుచ్చి స్తంభములకును తోరణములకును గట్టి ఆలయమంతయు పచ్చదనముతో నింపివేయు ఆ మూడునాళ్ల వైభవమును చూడవచ్చు జనసమూహమునందు, అనంతపురము సీమనుండి వచ్చినవారిని గుర్తించుట నాకు కష్టము కాదు. వారు దర్శనము ముగిసిన పిమ్మట మెట్లదగ్గర నిలిచి, ప్రకాశము ఆనకట్టను ఒఱసికొని నిండియున్న కృష్ణను చూచుచు, తోడివారు పిలిచినను కదలరు. గుంతకల్లు, నంద్యాలమీదుగా రాత్రియంతయు రైలులో కూర్చుండి వచ్చిన యొక ముసలితల్లి, నా ప్రక్కన నిలిచి, "యాడివి నాయనా, ఇన్ని నీళ్లు!" అని యడిగినది. మన పొరుగున హోసపేట ఆనకట్టను దాటి, కర్నూలు ప్రక్కగా పోయి కృష్ణలో కలిసిన తుంగభద్రనీరును ఇందులో నున్నదమ్మా అని చెప్పితిని. ఆమె మఱల నదివంకకే తిరిగినది.

ఈ కొండకు గల స్థలపురాణము తెలుగువారికి క్రొత్త కాదు. కీలుడను భక్తుడు తపస్సు చేసి తానే పర్వతమై అమ్మవారిని తన శిరస్సుపై నిలుపుకొన్నాడనియు, ఇంద్రాదులు ఆమెను సేవింప వచ్చుటచే ఇంద్రకీలాద్రి యయ్యెననియు, అర్జునుడు పాశుపతము పడసినది యిచ్చటనేననియు పెద్దలు చెప్పుదురు. కాని శాకంభరీకథ యీ కొండకు మాత్రమే చెందినది కాదు, అది కఱవుకథ. మార్కండేయపురాణాంతర్గతమైన దేవీమాహాత్మ్యమున, నూఱేండ్లు వాన లేక భూమి నీరులేనిదైనపుడు తాను అవతరించి, నూఱు కన్నులతో మునులను చూచి, వానలు మఱల కురియువఱకు తన దేహమునుండి పుట్టిన శాకములతో లోకమును పోషింతునని దేవి స్వయముగా చెప్పుచున్నది. దుర్గముడను రాక్షసుని చంపి దుర్గయను పేరు పొందుదునని చెప్పుటయు ఆ పట్టుననే. దేవీభాగవతము మఱింత హృదయవిదారకముగా, ఎండిన లోకమును చూచి ఆ తల్లి తొమ్మిది రాత్రులు ఏడ్చినదనియు, ఆ కన్నీరే వానయై ఏఱులు పాఱినవనియు చెప్పును. కఱవును చూచి శిక్షింపక, ఉపదేశింపక, ముందుగా ఏడ్చి, ఆ వెంటనే కూర వండుకొనుటకు ఆకులిచ్చిన యీ దేవతకన్న మా అనంతపురము ప్రాంతమువారికి ఆత్మీయురాలగు దేవత వేఱొకతె యుండునని నేననుకొనను.

కృష్ణాతీరమువారి భయము వేఱు. నది పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకునాడు లోకమునకు అంత్యకాలమని వారి నానుడి. 2024 సెప్టెంబరులో ఆనకట్టనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సాగి, బుడమేరు వాగు బెజవాడమీద పడినపుడు ఆ నానుడి ఎందఱి నోటనో వినవచ్చెను. మా భయమునకు అట్టి నానుడి లేదు. పడమటికనుమలు నైరృతిమేఘములను అడ్డగింపగా, ఈశాన్యఋతుపవనము సముద్రమునకు దూరమైన యీ పీఠభూమిని చేరునప్పటికి బలహీనమై పోవుచుండగా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు అదనుతప్పి, మా పాలికి వచ్చును. 1876లో మొదలైన ధాతకఱవు మాట తాతల నోటినుండి మనుమల నోటికి వచ్చినది. పూర్వము కొఱ్ఱ, సజ్జ, జొన్న, అనప కలిపి విత్తిన చేలలో, వాన లేని యేటను ఏదో యొక పైరు గింజ నిచ్చెడిది. తరువాత ఎల్లయెడల వేరుశనగయే వ్యాపించి, ఒక్క పైరు పోయిన సర్వమును పోవు స్థితి వచ్చినది. అప్పటికిని గట్లమీద మొలచు గురుగాకు, దొగ్గలాకు, చేలలో పాఱు బుడంకాయ పేదలకు కూరలైనవి. ఎవరును విత్తకయే మొలచి ఆకలి తీర్చిన ఆ ఆకులను గూర్చి ఆలోచించినపుడు, శాకంభరి మా చేలగట్లమీద నడచుచున్నదని నాకు నిజముగా తోచును.

మాకును ఒక తల్లి గలదు. ఆమె కొండమీద లేదు, చెఱువుకట్టమీద నున్నది. విజయనగరప్రభువు బుక్కరాయల కాలమున, 14వ శతాబ్దమున, పండమేరు నీటి కడ్డముగా కట్టిన బుక్కరాయసముద్రము చెఱువునకు గండిపడబోయినపుడు, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి యిచ్చినగాని కట్ట నిలువదని అశరీరవాణి పలికెననియు, ఆ యిల్లాలు పసిబిడ్డను విడిచి, మామకును అత్తకును మ్రొక్కి, తానుగా నడచివెళ్లి నీటిలో కలిసెననియు కథ. కట్టమంచి రామలింగారెడ్డి యీ కథనే 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా వ్రాసెను. ఒక ఊరు తన చెఱువును నిలుపుకొనుటకు ఒక కోడలి ప్రాణమును తీసికొనుట నాకు సమ్మతము గాదు. కాని ఆమె కట్టమీదకు నడచిపోయినపుడు ఆ ఊరికి చెఱువు ఎంతటిదో తెలియును. ఆ చెఱువుల పూడిక తీయకుండ, వంకలను కంపచెట్లకు వదలివేసి, ఆమెకు పసుపుకుంకుమలు మాత్రము అర్పించు మన భక్తిలో ఏదో పెద్ద లోపమున్నది.

పూర్వులు భక్తిని నీటిని వేఱుగా చూడలేదు. విజయనగరకాలమున తిరుమలవెంకటేశ్వరునకు భక్తులిచ్చిన ధనమును దేవస్థానమువారు దేవునిగ్రామములలో చెఱువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించి, హెచ్చిన పంటనుండి నైవేద్యము జరిపించిరని ఆలయశాసనములే చెప్పుచున్నవి. మా సీమలో దశబంధమాన్యములు పుట్టినది చెఱువును కట్టి కాపాడువారికొఱకే. కావున నా మనవి వింతయైనది కాదు. ఇంద్రకీలాద్రికి బుట్టలకొలది కూరగాయలు సమర్పించు దాతలు తమ సమర్పణలో ఒక పాలు కఱవుసీమ చెఱువులకు కేటాయింపవలెను. దేవస్థానమువారు శాకంభరీ ఉత్సవము పేరిటనే ఆ ధనమును స్వీకరించి యేటేట కొన్ని చెఱువుల పూడిక తీయింపవలెను. ఆ అలంకారమున వంకాయ ప్రక్కన మా బుడంకాయకును, తోటకూర ప్రక్కన గురుగాకునకును చోటీయవలెను.

మా ఊళ్లవారి పని యింతకన్న పెద్దది. మాకు గట్టివాన కురియునది సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరు మాసములలో. శాకంభరిని చూచి తిరిగివచ్చు ఆషాఢమునకును ఆ వానకును నడుమ రెండు నెలల వ్యవధి యున్నది. ప్రసాదముగా తెచ్చుకొన్న కదంబమును ఇంటింట పంచిన మఱునాడే ఇంటికొకరు చొప్పున పారలు, గంపలు తీసికొని, చెఱువునకు నీరు తెచ్చు వంకలలోని కంపను కొట్టి, తూముల నోటి పూడిక తీసి, కట్టలోని ఎలుకబొఱియలు పూడ్చినచో, భాద్రపదమాసపు మొదటి వరద చెఱువును తప్పి పోదు.