మామయ్య డిస్కు, యాభై ఫ్రేములు

వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లినప్పుడు మామయ్యగారి అటక మీద ఒక పాత డిస్కు దొరికింది. పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన ఈ ఆటను తయారు చేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. మామయ్య ప్లేస్టేషన్ లెన్సు పాడై డిస్కులు చదవడం మానేసింది. కొత్తది కొందామంటే, 2013 నాటికే సోనీ దాని తయారీ ఆపేసింది. డిస్కు ఢిల్లీకి తెచ్చుకుని ఎమ్యులేటర్‌లో ఆడదామనుకున్నాను. ఎమ్యులేటర్ అంటే మన కంప్యూటర్‌ను పాత గేమ్ యంత్రంలా పనిచేయించే ప్రోగ్రాం.

మా లాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవు లేదు. "డిస్కెందుకురా, పాత ఆటలన్నీ ఉన్న రీప్యాక్ ఇస్తా" అని ఒక స్నేహితుడు పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. యాంటీవైరస్ ఆపేయమని అందులో రాసి ఉంది. నేనూ ఆపేశాను, తెలివితక్కువగా! మూడు గంటలు నడిచి 87 శాతం దగ్గర ఎర్రర్ వచ్చింది. మర్నాటి నుంచి తెర నిండా ప్రకటనలు. నాన్న లాప్‌టాప్ ఫార్మాట్ చేయాల్సి వచ్చింది. అక్క ప్రాజెక్టు ఫైళ్లు అందులోనే పోయాయి. అక్క నాతో వారం రోజులు మాట్లాడలేదు.

తప్పు కుదింపుది కాదు. పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్ సీహెచ్‌డీ రూపంలో కుదించిన ఆటలను కూడా చదువుతుంది. ఆటలో ఒక్క అక్షరం కూడా పోదు. రీప్యాక్‌ను విప్పేటప్పుడు మాత్రం ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు చాలా పని పడుతుంది. మధ్యలో ఆగితే ఫైలు చెడిందో, ర్యామ్ చాలలేదో ఆ ఎర్రర్ చూసి చెప్పడం కష్టం. అసలు భయం వేరే ఉంది: ఆ మూట కట్టిందెవరో, అందులో ఇంకేం పెట్టారో మనకు తెలియదు.

తర్వాత డీవీడీ రైటర్ అరువు తెచ్చి మా డిస్కు నుంచే ఫైలు తీశాను. ఎమ్యులేటర్‌కు బయాస్ ఫైలు కూడా కావాలి. దాన్ని మామయ్య మెమరీ కార్డు సాయంతో తన ప్లేస్టేషన్ నుంచే తీసి పంపారు. ఆట మొదలైంది! కానీ తెర మీద 50 ఫ్రేములే కనిపించాయి. లాప్‌టాప్ నెమ్మదించిందనుకుని రెండు రోజులు సెట్టింగులన్నీ మార్చి చూశాను. తీరా చూస్తే మన దేశపు టీవీ పద్ధతి పాల్, దానికి సెకనుకు 50 ఫ్రేములంటే పూర్తి వేగమే.

కొత్త ఆటలు వేల రూపాయలు, మనమెక్కడ కొనగలం అంటారు స్నేహితులు. నిజమే. ధర తగ్గేదాకా ఆగడం నాకూ కష్టమే. కానీ అమ్మకంలో ఉన్న ఆటను ఊరికే దించుకోవడం, ఎక్కడా దొరకని ఆటను మన డిస్కు నుంచి కాపాడుకోవడం ఒకటి కావు. ప్రోగ్రాంను న్యాయంగా కలిగి ఉన్నవారు అది పాడవకుండా బ్యాకప్ తీసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

హైదరాబాదు గేమ్‌శాస్త్ర వారి 'దేశీ అడ్డా'లో కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు ఉన్నాయట. నేనింకా చూడలేదు. మీ ఇంట్లో ఆ డిస్కు ఉంటే తీసుకురండి, మీ కాపీ మీరే చేసుకోవచ్చు. మన కంప్యూటర్ ల్యాబులో కిటికీ పక్కనున్న పాత కంప్యూటర్‌కు డీవీడీ డ్రైవు ఇంకా పనిచేస్తోంది.