ఊరెళ్తున్నట్టు ఎవరికి చెబుతున్నాం?



సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. హైదరాబాద్, బెంగళూరుల నుంచి గోదావరి జిల్లాలకు వచ్చే బస్సులు, రైళ్లు ఇక కిటకిటలాడతాయి. సరిగ్గా అప్పుడే రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో ఉంటున్న మనం ఇళ్లకు తాళాలు వేసి అమ్మమ్మగారి ఊరికో, నాన్నమ్మగారి ఊరికో బయలుదేరతాం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని పిల్లలు ఉబలాటపడుతుంటారు. హాయిగా వెళ్లి రండి. అయితే బ్యాగులు సర్దే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. మనం ఇంట్లో ఉండబోవడం లేదన్న సంగతి ఎవరెవరికి తెలుస్తోంది?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తెలియకూడని వాళ్లకు మనమే చాటింపు వేస్తున్నాం. తెలియాల్సిన వాళ్లకు చెప్పడం లేదు. గట్టి తాళం కొనాల్సిందే, కానీ అంతకన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఇది.

చాటింపు ఎలా వేస్తున్నామో చూడండి. గేటుకు బయటివైపు వేలాడే పెద్ద తాళం. గుమ్మం ముందు పోగుపడిన మూడు రోజుల పేపర్లు. పట్టపగలు వెలుగుతున్న వరండా లైటు. ఇక పండగ రోజుల్లో వీధిలో అన్ని వాకిళ్లలోనూ ముగ్గులుండి మీ వాకిలి ఒక్కటే బోసిగా ఉంటే, ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఇవి చాలవన్నట్టు రైలెక్కగానే ఒక సెల్ఫీ, ‘పండక్కి ఊరెళ్తున్నాం’ అని వాట్సాప్ స్టేటస్, పిల్లల ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్. ఫొటోలు తీసుకోవద్దని ఎవరూ అనరు. తిరిగొచ్చాక పెట్టుకుంటే వాటి అందమేమీ తగ్గదు.

ఇక తెలియాల్సిన వాళ్లు. వీళ్లలో మొదటివారు ఇరుగుపొరుగు. గోదావరి ఊళ్లలో మండువా లోగిళ్ల కాలంలో ప్రతి ఇంటికీ వీధి అరుగు ఉండేది. దాని మీద ఎవరో ఒక పెద్దాయన కూర్చునేవారు. కొత్త మొహం కనిపిస్తే ‘ఎవరింటికి బాబూ?’ అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న వీధి మొత్తానికీ కాపలా. ఇప్పుడు అరుగుల స్థానంలో గ్రిల్స్ వచ్చాయి. ఒకే అంతస్తులో అయిదేళ్లుగా ఉంటూ ఎదుటి ఫ్లాటువారి పేరు తెలియని కుటుంబాలున్నాయి. అరుగును తిరిగి కట్టలేం గానీ ఆ ప్రశ్నను నిలబెట్టుకోవచ్చు. నమ్మకమైన ఒక్క ఇంటివారికి చెప్పండి చాలు. ‘మామ్మగారూ, నాలుగు రోజులు ఉండం, కాస్త కనిపెట్టి ఉండండి’ అంటే కాదనేవారు మన ప్రాంతంలో అరుదు. వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేయడం, పేపర్లు తీసి పెట్టడం, రాత్రి బయటి లైటు వేసి పొద్దున్నే ఆపడం వారికి అప్పగించండి. పేపరు, పాలు ఆ నాలుగు రోజులూ ఆపించినా సరే.

రెండోవారు పోలీసులు. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. ఆ మొబైల్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఊళ్లో ఉండరో తెలియజేయాలి. సిబ్బంది వచ్చి ఇంట్లో కదలికలు పసిగట్టే కెమెరా పెడతారు. తాళం వేసి ఉన్నప్పుడు ఎవరైనా లోపలికి వస్తే కంట్రోల్ రూముకు సమాచారం వెళుతుంది. దీనికి మనం పైసా కట్టక్కర్లేదు. పండగ హడావిడి మొదలుకాక ముందే మీ స్టేషన్‌లో అడిగి నమోదు చేయించుకోండి.

‘మాకు సొంత సీసీ కెమెరాలున్నాయి కదా’ అనేవారున్నారు. మంచిదే. కానీ కెమెరా చూస్తుంది, అడ్డుకోదు. ఫోన్లో అలర్ట్ వచ్చినప్పుడు మీరు నాలుగు గంటల దూరంలో ఉంటే, వెంటనే వెళ్లి చూసే మనిషి పక్కింట్లోనో స్టేషన్‌లోనో ఉండాలి. మళ్లీ అదే మాట: చెప్పాల్సినవారికి చెప్పి ఉండాలి.

బంగారం సంగతి. బీరువా తాళంచెవి బీరువా పైనే పెట్టడం, నగలు బియ్యం డబ్బాలో దాచడం మనకే కాదు, దొంగకూ తెలిసిన రహస్యాలే. బ్యాంకు లాకరు మేలు. అయితే అక్కడా ఒక లెక్క తెలుసుకోండి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె మూడు వేలైతే మూడు లక్షలన్నమాట. అందుకే నగల ఫొటోలు, బిల్లులు జాగ్రత్త చేయండి. పోయిన సొత్తు దొరికినప్పుడు అది మీదేనని చూపడానికి అవే ఆధారం.

రాత్రిపూట దొంగతనం కోసం ఇంట్లో చొరబడితే భారతీయ న్యాయ సంహిత 331వ సెక్షన్ కింద 14 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. చట్టం గట్టిదే, కానీ అది కదిలేది నేరం జరిగాకే. ఒకవేళ తిరిగొచ్చేసరికి తలుపు పగిలి కనిపిస్తే, లోపలికి వెళ్లి వస్తువులు సర్దకండి. వేలిముద్రలు చెరిగిపోతాయి. బయటే ఉండి 112కు ఫోన్ చేయండి. ఇంకొక మాట. ఆధారమేదీ లేకుండా ముందుగా పనిమనిషి మీద వేలు చూపకండి. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి ఆ నింద జన్మంతా పోదు. పైగా మన పిల్లలు అక్కడే నిలబడి చూస్తుంటారు. పేదవాళ్లంటే దొంగలనే పాఠం వాళ్లకు మనింట్లోనే నేర్పినట్టవుతుంది.

పిల్లల విషయంలో నా మనవి ఇది. వాళ్లను భయపెట్టకండి, భాగస్తులను చేయండి. ఏ కబురు ఎవరికి చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో వివరించండి. బడి నుంచి వచ్చి కాసేపు ఒంటరిగా ఉండే పిల్లలు తెలియనివారికి తలుపు తీయకూడదు. ఫోన్లో ‘ఇంట్లో ఎవరూ లేరు’ అనకూడదు. ‘అమ్మ పనిలో ఉంది, తర్వాత చేయండి’ అంటే చాలు. ఎవరైనా లోపలికి చొరబడితే ఎదిరించకుండా, వీలైతే బయటికి పరుగెత్తి పక్కింటికి చేరాలి. మీ ఇనప్పెట్టెలో ఉన్నదంతా కలిపినా మీ బిడ్డ ప్రాణానికి సాటిరాదని వాళ్లకు మీ నోటితోనే చెప్పండి. సినిమా హీరోలా పోరాడాలనుకునే వయసు వాళ్లది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఇంటిల్లిపాదీ తాళం వేసి ఘాట్లకు వెళ్లే రోజులవి. ఈ అలవాట్లు ఈ సంక్రాంతికే మొదలుపెడితే అప్పటికి మన వీధులకు అలవాటైపోతాయి. ఈసారి మీరు ఊరు వెళ్లకపోతే మీకు ఇంకా పెద్ద పని ఉంది. పక్కింటివారు అడిగే వరకు ఆగకుండా, ‘మీరు వెళ్లి రండి, మేం చూసుకుంటాం’ అని మీరే ముందు చెప్పండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.