సంస్థాన శబ్దార్థ విచారము

బనగానపల్లె సంస్థానము, బొబ్బిలి సంస్థానము, గద్వాల సంస్థానము అని ఒక్క వరుసన పలుకు తెలుగువారికి ఆ మూడింటి నడుమ భేదమున్నట్లే తోచదు. కాని ఆ ప్రభువులు ఎవరి యధికారమునకు, ఎవరి చట్టమునకు లోబడియుండిరని విచారించినచో, ఆ యొక్క మాట చాటున మూడు వేర్వేరు హోదాలు దాగియున్నట్లు తేలును.

సంస్కృతమున సంస్థానమనగా అమరిక, ఆకృతి, ఉనికి. నాలుగు త్రోవలు కలియు చోటనియు నొక యర్థము కలదు. రాజపాలిత ప్రాంతమను నర్థము తెలుగు, కన్నడ, మరాఠీ మున్నగు దేశభాషలలో స్థిరపడినది. ఇదే యర్థమున హిందీవారు వాడు ‘రియాసత్’ నాయకుని సూచించు అరబ్బీ ధాతువునుండి వచ్చినది. మలయాళమున నేడు సంస్థానమనగా మన రాష్ట్రమే. అచ్చటి ప్రభుత్వ ప్రకటనలు చూచి కేరళమునింకను రాజులేలుచున్నారని భ్రమపడనక్కరలేదు.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టము పేరును లెక్కింపలేదు. ఎస్టేటైనను, జాగీరైనను, బ్రిటిషిండియాలో చేరక, బ్రిటిషు చక్రవర్తి యాధిపత్యము క్రింద నున్న పాలకునిదైనచో అది స్వదేశ సంస్థానమే. ఈ కొలతకు తెలుగునాట ప్రధానముగా నిలుచునవి రెండు: ఇరువదియొక్క ఫిరంగుల వందనమందిన హైదరాబాదు, తొమ్మిదింటితో తృప్తిపడిన బనగానపల్లె. విస్తీర్ణమున బనగానపల్లెకు పలురెట్లున్న విజయనగరపు ప్రభువులు మహారాజ బిరుదాంకితులయ్యును, 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయము తరువాత చట్టము దృష్టిలో జమీందారులే; బొబ్బిలివారును అంతే. స్వంత నాణెములు ముద్రించిన గద్వాల సైతము నిజామునకు కప్పము కట్టునదే.

అయినను జనులు పొరబడిరనుటకు నాకు మనసొప్పదు. తెలుగువానికి సంస్థానమనగా సంధిపత్రము కాదు, కొలువుకూటము. పండితునకు సంభావనయు, కవికి శాలువయు దొరకు చోటు. అవధానమునకు బయలుదేరిన తిరుపతి వేంకట కవులు గద్వాల హోదా యేదో, పిఠాపురము హోదా యేదో విచారించి గడప తొక్కినవారు కారు. తూమాటి దోణప్పగారు ‘ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము’ అని తమ గ్రంథమునకు పేరిడుటయు నీ యర్థముననే. విచిత్రమేమనగా, తెలుగునాటి సంస్థానములలో కెల్ల పెద్దదైన హైదరాబాదును అచ్చటి తెలుగువారు ‘నిజాం రాష్ట్ర’మనిరి, 1930లో జోగిపేటలో సమావేశమైనది నిజాంరాష్ట్రాంధ్ర మహాసభ.

సాహిత్య చరిత్రలో ఈ వాడుక చెల్లును. రాజకీయ చరిత్ర వ్రాయువారు మాత్రము బొబ్బిలిని, గద్వాలను స్వదేశ సంస్థానముల పట్టికలో చేర్చరాదు. అవి అంతరించిన తీరే యిందుకు సాక్ష్యము. 1948లో బనగానపల్లె విలీనమునకు నవాబు సంతకము కావలసివచ్చెను; హైదరాబాదునకు సైన్యము నడిచెను; బొబ్బిలికి మదరాసు శాసనసభ చేసిన ఎస్టేట్ల రద్దు చట్టము చాలెను. మరుసటి యేడు హైదరాబాదున వెలువడిన జాగీరుల రద్దు శాసనము, జాగీరు పదమునకు చెప్పిన నిర్వచనములోనే సంస్థానమును కూడ చేర్చినది.