మొదటి ఎయిర్ గన్: బలం కావాలా? గురి కావాలా?

మొన్నొకనాడు గతిజ శక్తి పాఠం ముగించి బయటికి వస్తుంటే తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నా వెనకే వచ్చాడు. "మాస్టారూ! మా నాన్న ఎయిర్ గన్ కొనిపెడతానన్నాడు. తక్కువ ధరలో ఏది మంచిదో చెప్పండి" అన్నాడు.

"దానితో ఏం చేస్తావురా?" అని అడిగాను.

"ముందు డబ్బాలు కొట్టి గురి నేర్చుకుంటాను. తర్వాత పొలంలో గువ్వల్నీ కుందేళ్ళనీ కొడతాను" అన్నాడు దాపరికం లేకుండా.

పిల్లలూ! వాడు అడిగింది ఒక ప్రశ్నే అయినా, అందులో రెండున్నాయి. ఏ తుపాకి కొనాలి అన్నది మొదటిది. దేనిమీద గురిపెట్టాలి అన్నది రెండవది. చాలామంది పెద్దలు రెండింటికీ కలిపి "వద్దు" అని ఒక్క మాటతో సరిపెడతారు. అలా అంటే పిల్లవాడి కోరిక పోదు, చాటుమాటుగా తీరుతుంది. అందుకని నేను రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పదలచాను.

ముందు ఈ తుపాకి ఎలా పనిచేస్తుందో చూద్దాం. తిరునాళ్ళలో బుడగలు పేల్చే అంగడిని మీరంతా చూసే ఉంటారు. అంగడివాడు తుపాకిని మధ్యకు విరిచి, గొట్టంలో చిన్న పెల్లెట్ పెట్టి, మళ్ళీ మూసి మన చేతికిస్తాడు. విరిచినప్పుడు లోపలి ఉక్కు స్ప్రింగు నొక్కుకుపోతుంది. ట్రిగ్గరు లాగగానే ఆ స్ప్రింగు సాగి ముషలకాన్ని ముందుకు నెడుతుంది. ముషలకం ముందున్న గాలి రెప్పపాటులో కుంచించుకుని, ఆ పీడనంతో పెల్లెట్‌ను గొట్టంలోంచి తోసేస్తుంది. ఇందులో మందుగుండు లేదు. మీ చేయి చేసిన పని స్ప్రింగులో స్థితిజ శక్తిగా నిలిచి, చివరకు పెల్లెట్‌లో గతిజ శక్తిగా మారుతుంది. అంతే.

గాలిని ముందుగానే పంపుతో నింపుకునే రకాలూ, కార్బన్ డయాక్సైడ్ బుడ్డితో పనిచేసే రకాలూ ఉన్నాయి. వాటికి పంపు ఖర్చు, బుడ్డి ఖర్చు అదనం. కొద్ది డబ్బుతో మొదలుపెట్టేవారికి విరిచి మూసే స్ప్రింగు తుపాకే తగినది.

"గాలే కదా, దెబ్బేం తగులుతుంది?" అనేవారున్నారు. లెక్క వేసి చూద్దాం. మామూలు పెల్లెట్ బరువు సుమారు అర గ్రాము. ఒక సాధారణ ఎయిర్ గన్ నుంచి అది సెకనుకు 170 మీటర్ల వేగంతో వెలువడుతుందనుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే గతిజ శక్తి వస్తుంది. ఇక్కడ అది 7.2 జౌళ్ళు. 150 గ్రాముల మామిడికాయ 5 మీటర్ల ఎత్తు కొమ్మనుంచి రాలినప్పుడు నేల తాకే శక్తి కూడా దాదాపు ఇంతే.

మరి మామిడికాయ వీపున పడితే "అబ్బా" అని తడుముకుంటాం. పెల్లెట్ అయితే చర్మంలోకి దిగిపోతుంది. శక్తి ఒకటే అయినప్పుడు ఫలితం వేరెందుకయింది? మామిడికాయ కనీసం 10 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతుందనుకుందాం. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 0.7 జౌలు పడుతుంది. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లే. దాని వైశాల్యం 0.16 చదరపు సెంటీమీటరు. ఆ లెక్కన చదరపు సెంటీమీటరుకు 45 జౌళ్ళు! అరవై రెట్లకు పైన. చిన్న తుపాకి కూడా బొమ్మ కాదని ఈ లెక్కే చెబుతున్నది. కన్నయితే చర్మంకంటే ఎంతో మెత్తన. చాలా తక్కువ వేగంతో తగిలిన పెల్లెట్ కూడా చూపు పోగొట్టగలదు.

ఇప్పుడు కొనే సంగతికి వద్దాం. ప్రకటనల్లో వేగం అంకెలు పెద్దవిగా వేస్తారు. సెకనుకు 1000 అడుగులు, అంటే సుమారు 305 మీటర్లు అని చూసి మురిసిపోకండి. చాలాసార్లు ఆ వేగం తేలిక పెల్లెట్‌తో కొలిచినది. బరువైన పెల్లెట్ పెడితే అదే తుపాకి వేగం తగ్గుతుంది. మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ళ శక్తి, 4.5 మిల్లీమీటర్ల వ్యాసం మించని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు. అర గ్రాము పెల్లెట్ నిజంగా 305 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 23 జౌళ్ళు దాటుతుంది. అంటే ఆ ప్రకటనలో అయితే అతిశయోక్తి ఉన్నట్టు, లేకుంటే ఆ తుపాకికి లైసెన్సు కావలసినట్టు.

పైగా బలమైన స్ప్రింగు అంటే విరవడానికి ఎక్కువ బలం కావాలి. పేల్చినప్పుడు ఎక్కువ అదురుతుంది. ముషలకం ముందుకు దూకినప్పుడు తుపాకి వెనక్కి తంతుంది. ముషలకం కొసకు చేరి ఆగినప్పుడు ముందుకు కుదుపుతుంది. ఈ రెండు కుదుపుల్లోనూ గురి చెదురుతుంది. కొత్తవాడి చేతిలో బలమైన తుపాకికంటే మెత్తని తుపాకే సరిగ్గా కొడుతుంది. నా మాట నమ్మకపోతే ఒలింపిక్ క్రీడలు చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ప్రపంచ విజేతలు అందులో వాడే రైఫిలు శక్తి కూడా మనం పైన చూసిన మామిడికాయ శక్తికి అటూ ఇటూగానే ఉంటుంది. లక్ష్యం నడుమ ఉండే పది చుక్క వ్యాసం మాత్రం అర మిల్లీమీటరే! 2008లో బీజింగులో అభినవ్ బింద్రా ఈ పోటీలోనే బంగారు పతకం గెలిచాడు. ఒలింపిక్స్‌లో భారతీయుడొకడు ఒంటరిగా గెలిచిన మొదటి బంగారు పతకం అదే. 2012లో లండన్‌లో మన హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ ఇదే పోటీలో కాంస్యం తెచ్చాడు.

కాబట్టి నా సలహా ఇది. 4.5 మిల్లీమీటర్ల రకం తీసుకోండి, దాని పెల్లెట్లు చవక. గొట్టం లోపల మెలితిరిగిన గాడులుండాలి. అవి పెల్లెట్‌ను బొంగరంలా తిప్పి దారి తప్పకుండా చూస్తాయి. తుపాకి పొడవూ బరువూ మీ భుజానికి సరిపోవాలి. ఎత్తి పట్టుకుని నెమ్మదిగా ఇరవై లెక్కపెట్టండి. చేయి వణికితే అది మీది కాదు. దుర్భిణి అంటగట్టబోతే వద్దనండి. స్ప్రింగు రెండు వైపుల కుదుపుకు చవక దుర్భిణులు తట్టుకోలేవు. గొట్టంమీది మామూలు గురిచుక్కే చాలు. మీ దగ్గరున్న డబ్బంతా తుపాకికే పెట్టకండి. కళ్ళద్దాలకూ, పెల్లెట్లకూ, పెల్లెట్లను ఆపే ఇసుక పెట్టెకూ కొంత మిగల్చండి. అన్నిటికంటే చవకైన మొదటి ఎయిర్ గన్ మాత్రం మీది కానిది. దగ్గరలో షూటింగు క్లబ్బు ఉంటే కొన్నాళ్ళు అక్కడి రైఫిలుతో, అక్కడి శిక్షకుడి ఎదుట నేర్చుకోండి. ఆ తర్వాత కూడా కోరిక మిగిలితే అప్పుడు కొనవచ్చు. కొనవలసిందీ, తాళం వేసి దాచవలసిందీ పెద్దలే. పేల్చేటప్పుడు పక్కన ఉండవలసిందీ వారే.

నియమాలు ఎక్కువేమీ లేవు. పెల్లెట్ లేదని తెలిసినా ఉన్నట్టే భావించి, గొట్టాన్ని ఎన్నడూ మనిషి వైపు తిప్పరాదు. పేల్చే క్షణం దాకా ట్రిగ్గరుమీద వేలు పెట్టరాదు. లక్ష్యం వెనక ఏముందో చూడాలి. తప్పిపోయిన పెల్లెట్ రెండు వందల మీటర్లు దాటి కూడా పోగలదు. రాయినీ ఇనుమునూ కొడితే తునకలు ఎదురు తిరిగి వస్తాయి. సీసాలు కొడితే గాజుపెంకులు మిగులుతాయి, రేపు ఎవరి కాలిలోనో గుచ్చుకుంటాయి. పెల్లెట్లు సీసంతో చేసినవి. సీసం విషం. వాటిని నోట పెట్టుకోకూడదు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇక రెండవ ప్రశ్న. గువ్వను కొట్టవచ్చునా?

మళ్ళీ లెక్కే వేద్దాం. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్‌కు 20 మీటర్లు పోవడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. ఆ కొద్దిసేపట్లోనే భూమి దాన్ని సుమారు 7 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. 30 మీటర్లు పోయేసరికి 15 సెంటీమీటర్లు. తుపాకి గురిని 20 మీటర్లకు సరిచేసుకుని, 30 మీటర్ల దూరాన ఉన్న పిట్టను కొడితే, గాలి నిరోధం లెక్కలోకి తీసుకోకపోయినా పెల్లెట్ 5 సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. గువ్వ ఒంటిమీద 5 సెంటీమీటర్లంటే రొమ్ముకూ కాలికీ ఉన్న తేడా. చెట్టుమీది పిట్ట 20 మీటర్ల దూరాన ఉందో, 30 మీటర్ల దూరాన ఉందో కంటితో చెప్పగలవాళ్ళు మనలో ఎందరు?

ఆ 5 సెంటీమీటర్ల సంగతి నాకు లెక్కలు రాకముందే తెలిసింది. మీ వయసులో నా దగ్గర పంగలకర్ర ఉండేది. ఒకసారి గోడమీది గోరింక తలకు గురిపెట్టాను. రెండంగుళాలు తప్పి రాయి రెక్కకు తగిలింది. దాన్ని ఇంటికి తెచ్చి గంప కింద పెట్టి గింజలు చల్లాను, నీళ్ళు పెట్టాను. అది ముట్టలేదు. మూడోనాడు పొద్దున చచ్చింది. చంపాలనుకుని చంపడం ఒకటి. రెండు రోజులు దాని కళ్ళలోకి చూస్తూ ఏమీ చేయలేకపోవడం మరొకటి. ఆ పంగలకర్రను మళ్ళీ నేను పట్టుకోలేదు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నెమలి, రామచిలుక, కుందేలు మొదలైనవాటిని వేటాడితే జైలు, జరిమానా ఉన్నాయి. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదంటే వేటకు అనుమతి ఉందని అర్థం కాదు. చట్టం చెప్పిందని కాక, తామే గ్రహించి మానినవారూ ఉన్నారు. అరుణాచల్ ప్రదేశ్‌లో పక్షుల వేట తరతరాలుగా వస్తున్న అలవాటు. 2021 మార్చిలో అక్కడి లుమ్‌డుంగ్ గ్రామంలో ఎయిర్ గన్లను స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమం మొదలైంది. ఆ ఉద్యమంలో 1600కు పైగా తుపాకులు ప్రభుత్వానికి చేరాయి.

ఈ మాటలన్నీ విని మా పిల్లవాడు తెలివిగా అడ్డుకున్నాడు. "సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో పిచ్చుకను కొట్టాడు కదా మాస్టారూ! అందుకే కదా అంతటి పక్షి శాస్త్రవేత్త అయ్యాడు?"

నిజమే, కొట్టాడు. కాని పిచ్చుకలను కొట్టిన పిల్లలు లక్షలమంది ఉంటారు. సలీం అలీ ఒక్కడే ఎందుకయ్యాడు? పడిన పిచ్చుక మెడమీద పసుపు మచ్చ చూసి "ఇదేం పిట్ట?" అని అడిగాడు. జవాబు కోసం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కాడు. ఆయనను శాస్త్రవేత్తను చేసింది ఆ ప్రశ్న, పెల్లెట్ కాదు. ఆ ప్రశ్న అడగడానికి ఈనాడు పిట్టను చంపనక్కరలేదు. మన కడప జిల్లా కలివికోడి సంగతే చూడండి. 1900 తర్వాత దాన్ని చూసినవారు లేరు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో అది రెడ్డిపల్లె దగ్గర పొదల్లో మళ్ళీ బయటపడింది. దాన్ని చూపించింది తుపాకి కాదు. రాత్రివేళ టార్చిలైటూ, ఆ పిట్టను పేరుతో సహా ఎరిగిన పల్లెవాసుల జ్ఞానమూ.

"అయితే డబ్బాలే కొట్టాలా? అవి కదలవు కదా, సరదా ఏముంది?" అన్నాడు వాడు ముఖం ముడుచుకుని.

కదిలేటట్టు చేద్దాం అన్నాను. ఒక డబ్బా నిండా తడిబంకమట్టి కూరి, మొత్తం 200 గ్రాములు తూగేలా చూసి, మీటరు పొడవు తాడుతో ఇసుక పెట్టె ముందు వేలాడదీయాలి. మట్టి వైపు కొడితే పెల్లెట్ అందులో ఇరుక్కుపోయి డబ్బా వెనక్కి ఊగుతుంది. ఎంత దూరం ఊగిందో పక్కన స్కేలు పెట్టి చూడాలి. ఊగిన దూరాన్ని మీటర్లలో రాసి 3.13తో గుణిస్తే డబ్బా కదిలిన వేగం వస్తుంది. దాన్ని 401తో గుణిస్తే పెల్లెట్ వేగం! ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఇంతకంటే బాగా ఎక్కడా అర్థం కాదు. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త తుపాకి గుండ్ల వేగం కొలిచే ఈ పద్ధతిని తన గ్రంథంలో వివరించాడు. మన డబ్బా 13 లేక 14 సెంటీమీటర్లు ఊగితే పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్లన్నమాట. ప్రకటనలో 305 అని ఉంటే అంగడివాణ్ణి నిలదీయవచ్చు.

వాడు కాసేపు ఆలోచించాడు. "401 ఎలా వచ్చింది మాస్టారూ?" అన్నాడు.

గువ్వల మాట మళ్ళీ ఎత్తలేదు. మీరూ ఆ 401 ఎలా వచ్చిందో కాగితంమీద వేసి చూడండి.