అనంతపురము - విద్యార్థుల ఉపగ్రహములు

2010 జూలై 12వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసిన పి.యస్.యల్.వి. వాహనము, పెద్ద ఉపగ్రహములతోబాటు కిలోగ్రామైనను తూగని యొక చిన్న ఉపగ్రహమును గూడ కక్ష్యలో విడిచినది. దాని పేరు స్టడ్‌శాట్. దానిని నిర్మించినవారు బెంగుళూరు, హైదరాబాదు నగరములలోని ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు. ఆ రెండు నగరములను కలుపు రాజమార్గము అనంతపురము మీదుగనే పోవుచున్నది. అయినను ఆ ఏడింటిలో అనంతపురము కళాశాల లేదు. ఈ లోటు సహజమని యూరకుండుట మాకు సమ్మతము కాదు.

ఈ పని పేద కళాశాలలకు అందనిది కాదు. 1999లో అమెరికాయందు బాబ్ ట్విగ్స్, జోర్డి పుయిగ్-సువారి అను ఆచార్యులిరువురు చిన్న ఉపగ్రహమునకు పక్కకు 10 సెంటీమీటర్ల ఘనమను కొలత నేర్పరచిరి. దీనికే క్యూబ్‌శాట్ అని పేరు. బస్తాలన్నియు నొకే కొలతగా నున్నచో ఎవరి వేరుసెనగయైనను ఏ బండికైనను ఎక్కును. అట్లే ఏ కళాశాల చేసిన ఘనమైనను వాహనములోని విడుదలపేటికలో నమరును. సౌరఫలకములు, బ్యాటరీ, రేడియో, కంప్యూటరు అన్నియు నందే యిమడవలెను. పూనా ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఈ కొలతకే చేసిన 'స్వయం' 2016 జూన్ 22న శ్రీహరికోటనుండియే ఎగసినది.

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదియు నమ్మరాని వానతో, బ్రదుకు సీమలో ఈ వినోదమేల యని కొందరడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఈ చిన్న పెట్టె వానను కురిపింపదు; చెరువును నింపదు. కాని మేఘముల కదలికను, పైరుల వాడుదలను, చెరువుల నీటి విస్తీర్ణమును నేడు పైనుండి చూచి తెలుపుచున్నవి ఉపగ్రహములే. ఒరులు చెప్పగా వినుట మాత్రమే మనవంతు కానేల? కరవు నెరిగిన యింటి బిడ్డ ఆ యంత్రము నెరిగిననాడు, దానిచే ఏమి చూపింపవలెనో అతనికి బాగుగా తెలియును.

1946లో స్థాపింపబడి, 1948లో అనంతపురమునకు వచ్చిన ఇంజనీరింగు కళాశాల నేడు సాంకేతిక విశ్వవిద్యాలయములో భాగమై యున్నది. ఈ కార్యమునకు తగిన చోటు అదియే. కాని విద్యార్థి నాలుగేండ్లలో వెడలిపోవును. ఉపగ్రహనిర్మాణము అంతలో ముగియుట యరుదు. కావున పై తరగతివారు క్రింది తరగతివారికి పని నప్పగించు ఏర్పాటు, బోధనభారము తగ్గింపబడిన యొక ఆచార్యుడు, సంకేతముల నందుకొను భూకేంద్రము, ఏటేట బడ్జెటులో కొంత సొమ్ము కావలెను. ఈ ఖర్చు విద్యార్థుల తండ్రుల నెత్తిన బడరాదు. వారిలో వేరుసెనగ పంట పోయి అప్పులపాలైనవారును గలరు. మరియు పరదేశపు భాగములను కొని తెచ్చి బిగించి, ఫొటో తీయించుకొని ముగించు వేడుక మాకక్కరలేదు. విద్యార్థి తన చేతితో చేసి, చెడిపోయినచో కారణము వెదకి, మరల చేయవలెను.

శ్రీహరికోట మన తీరముననే యున్నది. విశ్వవిద్యాలయాధికారులును, జిల్లా ప్రజాప్రతినిధులును ఈ విషయమును రాబోవు బడ్జెటులోనే చేర్తురని ఆశించుచున్నాము. చేర్పనియెడల, కారణమేమో ప్రజలకు తెలుపుట వారి విధి.